ఉగ్గుగిన్నెలో ఉప్పునీళ్లు

డాక్టరు డెబ్భై మైళ్ల అవతల ఉంటాడని మా ఆయన ఎయిర్‌పోర్టులోనే చెప్పేశారు, మా అత్తగారు దిగీ దిగగానే. ఆవిడ ఏం కంగారు పడతారోనని నేను చూస్తున్నాను. "ఉండనీరా, మనకాయనతో పనేముంది" అని చంకలో సంచి సర్దుకున్నారు. ఆ సంచి కథ తర్వాత తెలిసింది. కస్టమ్స్ ఆఫీసరు వసకొమ్ము పైకి తీసి, వాసన చూసి, ఇదేమిటని అడిగాడట. ఇంగ్లిషు ముక్క రాని ఈవిడ డబ్బాలోంచి చిటికెడు వాము తీసి ఆయన అరచేతిలో పోసి, తనో చిటికెడు నోట్లో వేసుకుని నమిలి చూపించారట. ఆయన నమిలాడో లేదో గాని సంచి మాత్రం వదిలేశాడు.

డెబ్భైల చివరి మాట ఇది. మా ఆయన అమెరికాలో, వయోమింగ్ రాష్ట్రంలో ఒక బొగ్గు గనిలో ఇంజనీరు. ఊరంటే ఒక పోస్టాఫీసు, ఒక పెట్రోలు బంకు, దాన్ని ఆనుకుని సరుకుల కొట్టు, చిన్న బడి. మేముండేది ఊరికి ఇంకా నాలుగు మైళ్ల అవతల, గని వాళ్లు బండికి కట్టి లాక్కొచ్చి నిలబెట్టిన ట్రైలర్ ఇంట్లో. గాలి వీచినప్పుడల్లా ఇల్లు ఊగేది. అక్కడ గాలి వీచని రోజు ఉండేది కాదు. తెలుగు మాట వినాలంటే డెన్వర్ వెళ్లాలి, ఐదు గంటల ప్రయాణం. పిల్లాడు పుట్టిన నాలుగో నెలలో, ఇక నా వల్ల కాదని నేను ఏడిస్తే, మా ఆయన వాళ్లమ్మని పిలిపించారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఆవిడ వైద్యం మీద నమ్మకం లేదు. నేను బీఎస్సీ చదివాను. సూక్ష్మజీవుల గురించి పరీక్ష రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆవిడ నాలుగో తరగతి. సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి అలమరలో నా సబ్బు పొడి పక్కన పేర్చారు: వాము, శొంఠి, పిప్పళ్లు, కరక్కాయలు, జాజికాయ, పసుపు కొమ్ములు, సీసాడు ఆముదం, వీటన్నిటినీ అరగదీయడానికి అరచేతి వెడల్పు సానరాయి, వెండి ఉగ్గుగిన్నె. "సానరాయి కూడా మోసుకొచ్చారా అత్తయ్యా, ఇక్కడ రాళ్లు దొరకవనా?" అన్నాను. నా నోటి దురుసు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆవిడ నవ్వి, రాయిని కొంగుతో తుడిచి అలమరలోకి నెట్టారు.

మొదటి వారమే నాకు జలుబు చేసింది. ఆవిడ పసుపు కొమ్ము స్టవ్ మీద కాల్చి ఆ పొగ పీల్చమన్నారు. నేను పీల్చేలోపే సీలింగుకున్న స్మోక్ అలారం కుయ్యోమంది. పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపు, గిన్నెల చప్పుడు, నేను కుర్చీ ఎక్కి అలారం పీకడం. అంతా సద్దుమణిగాక చూసుకుంటే ముక్కు తెరుచుకుంది. పొగ వల్లో, కుర్చీ ఎక్కి దూకడం వల్లో చెప్పలేనన్నాను. ఏదైతేనేం, ఊపిరాడుతోందిగా అన్నారావిడ.

తర్వాత నెమ్మదిగా నా నోరు మూతపడింది. నాకు చెవిపోటు వస్తే వెల్లుల్లి కాచిన నువ్వుల నూనె చుక్క వేశారు, తగ్గింది. పిల్లాడికి కడుపుబ్బరమైతే తమలపాకు దొరక్క, క్యాబేజీ ఆకుని వెచ్చజేసి ఆముదం రాసి పొట్ట మీద వేశారు, వాడు నిద్రపోయాడు. ఉన్న ఊరు వదిలి వచ్చినా, ఉన్నదానితో సరిపెట్టడం ఆవిడకి చేతనవును. కొత్తచోట ఏది దేనికి పనికొస్తుందో చూసుకుంటూ తిరిగేవారు. నేను అక్కడికొచ్చి రెండేళ్లయినా కిటికీలోంచి గడ్డి తప్ప ఏమీ చూసి ఎరగను.

మాకు అరమైలు దూరంలో ఒక పశువుల కమతం ఉండేది. దాని ఇల్లాలికి అరవై దాటాయి. మనిషి ఎముకల గూడులా ఉన్నా గడ్డి మోపులు ఒంటిచేత్తో విసిరేది. మా అత్తగారు ఆమెకి దొరసానమ్మ అని పేరు పెట్టారు. దొరసాని అవ్వ రోజుల్లో ఆ కుటుంబం ఎద్దుబండి మీద ఆ నేలకి వచ్చిందట. అప్పట్లో డాక్టరంటే గుర్రం మీద మూడు రోజులు. అందుకని ఆ అవ్వ తనకి తెలిసిన వైద్యమంతా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టింది. గొంతు నొప్పికి ఉల్లిపాయ కట్టు, రొమ్ము పడిశానికి ఆవపిండి పట్టు, కాలిన గాయానికి బాతు కొవ్వు. పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది.

వాళ్ల స్నేహం ఉప్పుతో మొదలైంది. ఒకసారి దొరసాని గుడ్లు ఇవ్వడానికొచ్చి, భుజం పట్టేసిందని చెయ్యి ఎత్తలేక అవస్థ పడుతోంది. మా అత్తగారు మాటా పలుకూ లేకుండా కల్లుప్పు పెనం మీద వేయించి, నా పాత చీర ముక్కలో మూట కట్టి, ఆమెని కుర్చీలో కూలేసి కాపడం పెట్టారు. రెండు రోజుల తర్వాత ఆమె ఆ చెయ్యి గిరగిరా తిప్పి చూపిస్తూ వచ్చింది, చంకలో అవ్వ పుస్తకంతో. ఇక చూడాలి. ఆమె పేజీ తిప్పి చదవడం, నేను తెలుగులో చెప్పడం, ఈవిడ తలూపి "ఇది మాకూ ఉంది, అయితే మేం ఆవాలతో పాటు మిరియాలేస్తాం" అనడం, నేను దాన్ని మళ్లీ ఇంగ్లిషు చేయడం. డిగ్రీ ఉన్నదాన్ని నేను, నాకు దుబాసీ ఉద్యోగం దొరికింది. ఇద్దరూ నా మొహం చూసేవాళ్లు కారు, ఒకళ్ల చేతులు ఒకళ్లు చూసుకునేవాళ్లు.

ఆ ఫిబ్రవరిలో పిల్లాడికి పది నెలలు. ఒక ఉదయం మంచు తుఫాను మొదలైంది. మా ఆయన అప్పటికే గనికి వెళ్లిపోయారు. పదింటికి ఫోన్ చేసి రోడ్డు మూసేశారని, అక్కడే చిక్కుకుపోయానని చెప్పారు. అదే గంటలో పిల్లాడు పాలు తాగి భళ్లున కక్కేశాడు. మధ్యాహ్నానికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. నేను గుడ్డ మార్చి చేతులు కడుక్కునేలోపు మళ్లీ మార్చాల్సి వచ్చేది.

డెబ్భై మైళ్ల అవతలి క్లినిక్‌కి ఫోన్ చేశాను. నర్సు పిల్లాణ్ని తీసుకురమ్మంది. రోడ్డు లేదన్నాను. అయితే పాలు ఆపి ద్రవాలు పట్టించమంది. నేను సీసా నిండా ఆపిల్ రసం పోసి ఇచ్చాను. వాడు దాహం మీద గటగటా తాగేసి, తాగిందంతా నా ఒళ్లోనే కక్కాడు. దాంతో నా చదువు అయిపోయింది. మా అత్తగారు సీసా నా చేతిలోంచి తీసుకున్నారు.

"లంఖణం పరమౌషధం అన్నారమ్మాయ్. పోసేకొద్దీ పోతాయి. కడుపు ఎండగడితే అదే కట్టుకుంటుంది" అన్నారు.

నాకూ అదే తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో విరేచనాలైతే నాకూ మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కారు. నర్సు మాట పుస్తకంలోది, ఈ మాట రక్తంలోది. పైగా రసం పోస్తే కక్కాడు కదా, కళ్లారా చూశాను కదా! సీసా కడిగి బోర్లించేశాను. సానరాయి మీద జాజికాయ అరగదీసి ఆ గంధం వాడి నాలుకకి రాశారావిడ. అంతే, ఆ పూటంతా వాడి నోట్లోకి వేరే చుక్క పోలేదు. సాయంత్రానికి వాంతులు ఆగాయి. చూశావా అన్నట్టు నా వైపు చూశారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. విరేచనాలు మాత్రం ఆగలేదు.

మర్నాడు పొద్దున్నకి వాడు ఏడవడం మానేశాడు. ముందు సంతోషించాను కూడా, నా మొహం! తర్వాత చూస్తే వాడి మొహం ఏడుపుకి వంకర పోతోంది గాని కంట్లో నీరు రావట్లేదు. పెదాలు అట్టకట్టాయి. వాడు ఉచ్చ పోసి ఎన్ని గంటలైందో గుర్తు రాలేదు. ఫోన్ ఎత్తితే క్లినిక్ లైను కలవలేదు. బయట తెల్లగా తప్ప ఏమీ లేదు. మెట్లు ఎక్కడున్నాయో కూడా కనబడట్లేదు. నేను కాలుగాలిన పిల్లిలా కిటికీకీ మంచానికీ తిరుగుతున్నాను.

మా అత్తగారు రోజూ లాగే ఆముదం సీసా తెచ్చి, వాణ్ని ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో మాడుకి రాయబోయారు. చెయ్యి ఆగిపోయింది. మళ్లీ పెట్టి చూశారు. నన్ను దగ్గరికి పిలిచి, నా వేళ్లు పట్టుకుని అక్కడ ఉంచారు. మాడు గుంటపడింది.

ఆవిడ మొహం వైపు చూశాను. అంతవరకు ఆవిడకి తెలియని విషయం ఒకటుంటుందని నేననుకోలేదు. కళ్లు ఎక్కడో ఉన్నాయి. గొంతు మాత్రం తడబడలేదు.

"అమ్మాయ్, ఇది నా చేతిలో లేదు. దొరసానమ్మకి ఫోన్ చెయ్యి. ఆవిడకేదైనా తెలుసేమో అడుగు."

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. నలభై ఏళ్లుగా ఊరంతా పిల్లల్ని తెచ్చి ఎవరి ఒళ్లో పెట్టారో ఆ మనిషి అన్న మాట అది. ఇంకో గంట పట్టుదలకి పోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అంతకంటే గొప్ప వైద్యం నేను ఆవిడ దగ్గర చూడలేదు.

ఫోన్ దొరసానికి కలిసింది. అరగంటలో ట్రాక్టర్ చప్పుడు వినబడింది. అరమైలుకి అరగంట పట్టిందంటే మంచు ఎంతుందో చూసుకోండి. ఆమె లోపలికొచ్చి, చేతులు స్టవ్ దగ్గర కాచుకుని, వాడి పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. ముడత అలాగే నిలబడిపోయింది. నీళ్లు తాగి ఎంతసేపయిందని అడిగింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఇవ్వలేదన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తన దూడలకి ప్రతి ఏడూ ఇదే జబ్బు వస్తుందని, విరేచనాలు చంపవని, నీరు పోవడమే చంపుతుందని చెప్పింది. ఎంత పోయిందో అంత తిరిగి పోయాలి, అయితే ఒక్కసారి కాదు అంది. ఇది అవ్వ పుస్తకంలోది కాదు. అవ్వ కూడా ఎండగట్టమనే రాసిందట. ఇది పశువుల డాక్టరు దగ్గర నేర్చుకున్నది.

నేను ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పాను. ఎండగట్టడం తప్పు అన్న మాట ఆవిడ మొహం చూస్తూ ఎలా చెప్పను! అయినా చెప్పాను. మా అత్తగారు రెప్ప వేయకుండా విన్నారు.

"అయితే కలపమను" అన్నారు.

దొరసాని లీటరుకి సరిపడా నీళ్లు మరగకాచి చల్లార్చింది. చెంచా అంచుకి సమంగా గీసి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. దూడలకి నీళ్లలో కలిపి పట్టే పొడి పసిబిడ్డకి ఘాటని అది తేలేదట. కలిపి తను రుచి చూసి, మా అత్తగారికి ఇచ్చింది. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు, అదీ లెక్క అంది. మా అత్తగారు నాలుక మీద వేసుకుని సరిగ్గానే ఉందని తలూపారు.

చెంచాతో పట్టబోతే వాడు పళ్లు రాని చిగుళ్లు బిగించేశాడు. నీళ్లన్నీ మెడ మీదికి కారిపోయాయి. దొరసాని రెండోసారి ప్రయత్నించింది, మూడోసారి ప్రయత్నించింది. అప్పుడు మా అత్తగారు అలమరలోంచి ఉగ్గుగిన్నె తెచ్చి, వేడినీళ్లతో కడిగి, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. వాణ్ని కాళ్ల మీద తల కాస్త ఎత్తుగా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నె ముక్కు వాడి బుగ్గ లోపలికి జార్చి, ఒక్క చుక్క వదిలారు. వాడు గుటక వేశాడు. దొరసాని నోరు తెరుచుకుని చూసింది. ఇంకో చుక్క. ఇంకో గుటక.

ఆ రోజంతా అలాగే గడిచింది. దొరసాని గడియారం చూస్తూ వేలు చూపించడం, ఈవిడ చుక్క వదలడం. నాకూ చెయ్యి వేయనివ్వమంటే, ముందు వెళ్లి ఆ గుడ్డలు ఉతికి రమ్మన్నారు. ఒకసారి కక్కాడు. పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలెట్టమంది దొరసాని. మా అత్తగారి కాళ్లు తిమ్మిరెక్కాయి గాని కదల్లేదు. మధ్యాహ్నం నేను అన్నం కలిపి ఆవిడ నోట్లో ముద్దలు పెట్టాను. పెళ్లయ్యాక ఆవిడకి నేను పెట్టిన మొదటి ముద్దలు అవే.

నాలుగు దాటాక వాడు కాలు ఆడించాడు. కాసేపటికి మా అత్తగారు ఒక్క కేక పెట్టారు. నేను వంటింట్లోంచి పరుగెత్తాను. ఆవిడ చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి.

"పోశాడే! ఉచ్చ పోశాడే!"

ఏం జరిగిందో దొరసానికి ఇంగ్లిషులో చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె అక్కడే నేల మీద కూర్చుని మా అత్తగారి తడి చీరని చేత్తో తడిమి నవ్వింది. నేను మాత్రం గోడకానుకుని ఏడ్చాను.

మర్నాడు మంచు తోసే బండి వచ్చాక క్లినిక్‌కి తీసుకెళ్లాం. డాక్టరు వాణ్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ నీళ్లు పట్టకపోయి ఉంటే మీరు ఇవాళ వచ్చినా ప్రయోజనం ఉండేది కాదని నాతో అన్నాడు. ఆయనేమన్నాడని మా అత్తగారు అడిగితే, బాగున్నాడన్నాడు అని మాత్రం చెప్పాను. అదే మొదటిసారి ఆవిడకి నేను తర్జుమా తగ్గించి చెప్పడం.

వారం తర్వాత, ఆరిన గుడ్డలు మడత పెడుతూ ఆవిడ మళ్లీ ఆ మాటే ఎత్తారు.

"ఆ డాక్టరు పూర్తిగా ఏమన్నాడో చెప్పు."

చెప్పాను. ఆవిడ చేతిలో గుడ్డ నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టారు. మా ఆయన కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని నాకు పెళ్లిలో ఎవరో చెప్పారు. అంతకు మించి ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆ రోజు ఆవిడే చెప్పారు. ఆ పిల్లకి ఏడాదిన్నరట. ఇవే వాంతులు, ఇవే విరేచనాలు. ఊళ్లో పెద్దవాళ్లంతా లంఖణం అన్నారు. అప్పటికి ఆవిడకి పందొమ్మిదేళ్లు.

"మాటలొచ్చాయే దానికి. నీళ్లు, నీళ్లు అని అడిగింది. గిన్నె చూపించి మరీ అడిగింది. నేనివ్వలేదు. దాని మాడు కూడా ఇలాగే..." అని ఆగి, నా మొహంలోకి చూశారు. "ఇచ్చుంటే బతికేదా?"

ప్రతిదానికీ ఒంటికాలి మీద లేచి సమాధానం చెప్పేదాన్ని నేను. ఆ రోజు, తెలీదు అత్తయ్యా అన్నాను.

"నీకు తెలుసు" అన్నారావిడ. కోపంగా కాదు. మడత పెట్టిన గుడ్డలు ఎత్తి బీరువాలో పెట్టి వచ్చి, ఆ నీళ్ల కొలత తెలుగులో రాసిమ్మన్నారు. రాసిచ్చాను. దాన్ని పోపుల డబ్బా మూత లోపల అంటించుకున్నారు. లంఖణం అన్న మాట ఆ తర్వాత ఆవిడ నోట నేను వినలేదు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, పుట్టినప్పటి నుంచి నమ్మినదాన్ని ఒక్క రోజులో తీసి పక్కన పెట్టారు. నాకిప్పుడు అంతకంటే ఎక్కువ వయసుంది. కూర తరిగే పద్ధతి మార్చుకోమంటేనే నా కోడలితో పోట్లాడతాను.

గని సగం మూతపడ్డాక మేం న్యూజెర్సీ వచ్చేశాం. ఎనభైల నడిమి సంగతి. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో కొత్తగా కాపురాలు పెట్టిన తెలుగు పిల్లలు ఒక్కొక్కరే చేరుతున్నారు. ఇక్కడ డాక్టర్లకి కొదవ లేదు. అయినా తొలిచూలు తల్లులకి గాబరా పుడితే ముందు మా ఇంటికే ఫోన్ వచ్చేది, బామ్మగారున్నారా అని. జలుబుకీ దగ్గుకీ ఆవిడ నవ్వుతూ శొంఠి, మిరియాలు చెప్పేవారు. వాంతులు, విరేచనాలు అనే మాట వినబడితే మాత్రం నవ్వు పోయేది. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యమని, ఆయన పలికేలోపు నీళ్లు కాచమని చెప్పేవారు. పోపుల డబ్బా మూత తీయకుండానే కొలత చెప్పేవారు, ఆ కాగితం అప్పటికి పసుపు పట్టి అక్షరాలు పోయాయి.

అంత చిన్నపిల్లలకి మాలో తద్దినం పెట్టరు. నీళ్లు వదలడం కూడా ఉండదు. ఆ పిల్ల పోయిన తిథి ఏదో మా ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. తెలిసిన ఒక్క మనిషి ఆ ఇంట్లో ఎవరితోనూ అనలేదు. కాని ఫోన్ అవతల ముక్కూ మొహం తెలియని ఏ పిల్లతల్లి ఏడుస్తున్నా, దాచకుండా చెప్పేసేవారు. నాకో కూతురుండేదమ్మా, అడిగినా నేనివ్వలేదు, తెలియక చంపుకున్నాను అని. మొదటిసారి విన్నప్పుడు ఫోన్ లాక్కోబోయాను. ఆవిడ నా చెయ్యి తోసేసి, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా చెప్పడం పూర్తి చేశారు.

"చుక్క చుక్కగా పొయ్యి తల్లీ. కక్కితే కాసేపు ఆగి మళ్లీ పొయ్యి. అడిగితే ఇవ్వు. అడక్కపోయినా ఇవ్వు."